హద్దురాయి నంబరు పదిహేడు

మా గల్లీలో ఎడమ పక్క ఇళ్ళు కార్పొరేషన్‌వి,
కుడి పక్క ఇళ్ళు మునిసిపాలిటీవి.
నడుమ నాలా ఎవరిదన్నది
ముప్పయ్యేళ్ళుగా ఫైల్లో నడుస్తోంది.

నేను కుడి పక్క ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని.
నా కిటికీలోంచి రాయి కనిపిస్తుంది.
మేం ఏడాదికోసారి సున్నం పూసి
నల్లరంగుతో పదిహేడు అని రాస్తాం.
చేపలమ్మే బుచ్చవ్వ దాని మీద కత్తి నూరి
నెల తిరక్కుండా ఒకటిని చెరిపేస్తుంది.
మిగిలిన పదకొండు నెలలూ అది ఏడో నంబరు రాయి.

ఒకసారి కుక్క చచ్చిపడింది,
తల అటు, తోక ఇటు.
రెండు వైపుల నుంచీ చెత్తబండ్లు వచ్చాయి,
చెరో ఫొటో తీసుకుని వెళ్ళిపోయాయి.
మూడో రోజు పంక్చర్ల మొయినుద్దీన్
ముక్కుకు రుమాలు కట్టుకుని గోనెసంచిలోకి ఎత్తాడు.
"సమస్య పరిష్కరించబడినది" అని రిజిస్టర్లో రాశాను.
ఎవరి చేత అన్న గడి ఖాళీగా వదిలాను.

పోయిన చలికాలం మాకు ట్రైనింగు.
ఏసీ హాలు, ఉస్మానియా బిస్కెట్లు,
ఫ్రాన్సు నుంచి వచ్చిన మదాం వెర్డియే
లియోన్ అనే నగరం పటం తెర మీద వేసింది.
రెండు నదులు, చుట్టూ యాభైకి పైగా చిన్న ఊళ్ళు,
ప్రతి ఊరికీ ఓ మేయరు, ఓ పౌరుషం.
నీళ్ళకీ చెత్తకీ మాత్రం అందరికీ కలిపి ఒకటే సభ.
"ఎవరి గదులు వాళ్ళవే, పొయ్యి ఒక్కటి" అని
రాజలింగం తెలుగు చేశాడు,
ఆవిడ అలాగే అందో లేదో గానీ.

వెనక వరసలోంచి లేచి అడిగాను:
రెండూళ్ళ నడుమ మోరీ పొంగితే ఎవరు తీస్తారమ్మా?
రాజలింగం మోరీ దగ్గర కాస్త తడబడ్డాడు.
ఆవిడ బిస్కెట్టు టీలో ముంచి, నవ్వి,
"దాని మీదే మా తాతల నాటి తగువు" అంది.
రోజంతా విన్నదాంట్లో
ఆ ఒక్క మాటే రాసుకున్నాను.

మాకూ రెండు నదులే, మూసీ, ఈసీ.
లంగర్‌హౌజ్ దగ్గర కలుస్తాయి,
కలిశాక ఈసీ పేరు ఎవరూ తలవరు.
ఇది కూడా చెబుదామనుకున్నాను,
భోజనాలకి లేపేశారు.

ఇప్పుడు ఆర్డరు వచ్చింది.
మేమంతా ఇక ఒక్కటే ఊరట.
పెయింటరు రమణాచారి నిచ్చెనెక్కి
మా బోర్డు మీద నీలం కొడుతున్నాడు.
ఒక పూతకి ఆగక పాత పేరు పైకి తేలుతోంది.
"ఆరనియ్యండి సార్" అంటాడు.
లోపల నేను మూటలు కడుతున్నాను:
ఇంటి పన్నులు, జనన మరణాలు,
దీపం నంబరు రెండువందల పన్నెండు వెలగడం లేదని
పదకొండు అర్జీలు, పదకొండు వేలిముద్రలు,
ఒకే వేలు.

మంచిదే అంటాను. నిజంగానే.
పై చెరువు తెగితే కింది బస్తీ మునిగేలోపు
ఒక్క కుర్చీలో ఒక్క ఫోను మోగుతుంది.
కుక్క తలా తోకా ఒకే బండెక్కుతాయి.

కొత్త ఆఫీసు యాడ అని బుచ్చవ్వ అడిగింది.
రెండు బస్సులు, నాలుగో అంతస్తు, టోకెను.
లేదా ఫోను చెయ్యి, ఒకటి నొక్కితే తెలుగు.
ఆమె కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది.
చువ్వంతా తుప్పే,
ఆమె చెయ్యి ఆనే జానెడు తప్ప.

"దీపం ఎలగకుంటె నీ మొకం మీదనే తిట్టిపోతుంటి బిడ్డా,
తిట్టినంక నిద్ర పడుతుండె.
గా ఫోన్ల పిల్లను ఏం తిట్టాలె?
పాపం, దానికి మన గల్లీ ఎర్కనా?"

సాయంత్రం గడ్డపారలతో సర్వేవాళ్ళు వచ్చారు.
రాయిని పెళ్ళగించి దొర్లించి,
ఇది ఎవరి స్టాకులో రాసుకోవాలి సార్ అన్నారు.
రిజిస్టర్లన్నీ మూటల్లో ఉన్నాయి.
ఉద్యోగంలో మొదటిసారి
ఏ ఫైలూ చూడకుండా చెప్పాను:
ఆమెది.